పడవ లేని చోటు

పాలెం,
12 జనవరి 2025

ఫ్లోరా అత్తకు,

ముందు ప్రభువు నామంలో వందనాలు రాయరా అని నాయన నా వెనకే నిలబడి ఉన్నాడు. రాసినాను, వెళ్లిపోయినాడు. ఇక మనం మాట్లాడుకుందాం.

నీ మెసేజీలకు జవాబు ఇవ్వడం లేదని నీకు కోపం వచ్చిందట. నేను ఫోన్ వదిలేసినాను అత్తా. నెల్లూరులో ఒక స్టాలు దగ్గర పది రూపాయల చిన్న పుస్తకం దొరికింది. మన కళ్లను, వేళ్లను, చివరికి మన కోపాన్ని కూడా కంపెనీలు ఎట్లా అమ్ముకుంటున్నాయో అందులో రాసినారు. నా కోపాన్ని ఎవరో అమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. అది నాకే కావాలి. నువ్వు కూడా కాగితం మీదే రాయి. ఆలస్యమైతే అవనీ.

ఆ కోపానికి ఇప్పుడు పని పడింది. నాయనకు కృష్ణపట్నం ప్లాంటులో ఉద్యోగమని మేము మనుబోలు వదిలి ఈ ఊరికి వచ్చి నాలుగేళ్లయింది కదా. మా చర్చి వీధి నుంచి కాలవ దాటితే సముద్రం. అక్కడ మత్స్యకారుల పడవలన్నీ ఇసుక మీద వరసగా లాగిపెట్టి ఉంటాయి. మొన్న సర్వే వాళ్లు వచ్చి ఆ వరస మధ్యలోనే రాయి నాటినారు. బీచ్ రోడ్డు వస్తుందట, దాని పక్కన రిసార్టు వస్తుందట. కాగితాల్లో ఆ చోటంతా ‘ఖాళీ ఇసుక’ అని ఉందట! పడవలను తీసుకుపోయి మొగ దగ్గర, కాలవ సముద్రంలో కలిసే చోట, పెట్టుకోమంటున్నారు. మొగ దగ్గర అల విరిగే తీరు చూస్తే నీకు గుండె ఆగిపోతుంది. అక్కడ పడవ ఒడ్డుకు తేవడమంటే ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

గ్రామసభలో నేను లేచి మాట్లాడినాను. పడవల పెద్ద చిన్నపోలయ్య నా చొక్కా పట్టి లాగి, “కూచోబ్బయా, నీ గొంతుకే సముద్రం ఎనక్కి పోయేట్టుండాది” అన్నాడు. అందరూ నవ్వినారు. ఎవరికోసం నేను అరుస్తున్నానో వాళ్లే నవ్వినారు!

నువ్వేమో ఆ దీవిలో తెల్ల ముసలివాళ్లకు గంజి తాగిస్తూ, రాళ్ల ఫొటోలు పంపుతుంటావు. వాళ్ల ప్రతి రాయీ చరిత్రే. మాకేముంది చూపించడానికి? ఇసుక. ఖాళీ ఇసుక.

కోపంగానే అయినా నీ మేనల్లుడు,
బెన్హర్


కిర్క్‌వాల్, ఆర్క్నీ దీవులు,
3 ఫిబ్రవరి 2025

ఒరే కోపిష్టి నాయనా,

నీ ఉత్తరం చేరింది. స్టాంపు వంకరగా అంటించినావు, అక్షరాలు మాత్రం మీ తాత అక్షరాల్లాగే ఉన్నాయి. మా వృద్ధాశ్రమంలో అందరికీ చూపించినాను. “ఈ గుండ్రాలన్నీ నిజంగా అక్షరాలేనా” అని అడిగినారు. మా మేనల్లుడి కోపంరా ఇది, గుండ్రంగా ఉంటుంది అని చెప్పినాను.

తెల్ల ముసలివాళ్లు అన్నావు. ఒకరి పేరు చెబుతా, పేరుతో కోప్పడు. మాగ్నస్ అని తొంభై దాటిన తాత. వాళ్ల పూర్వీకులు పన్నెండు వందల ఏళ్ల కింద నార్వే నుంచి పొడవాటి పడవల్లో ఈ దీవులకు వచ్చినారు. దోచుకోవడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు, దున్నుకోవడానికి ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. ఇక్కడ రైతులు ఈనాటికీ తమ పొలాన్ని పిలిచే పేర్లు ఆ పడవల వాళ్లు పెట్టినవే. అర్థం మరిచిపోయినారు, పేరు మరవలేదు. ఊరి నడుమ ఎర్రరాతి చర్చి ఉంది చూడు, నేను ఆదివారం పోయేది, అది కూడా వాళ్లు మొదలుపెట్టిందే. తొమ్మిది వందల ఏళ్లు కావస్తోంది. లోపల కూర్చుంటే నాకు నోట మాట రాదు.

ఇంకోటి చెబితే నువ్వు నవ్వుతావు. ఇక్కడ ఐదు వేల ఏళ్ల నాటి రాతి సమాధి ఒకటి ఉంది. తొమ్మిది వందల ఏళ్ల కింద కొందరు నార్వే మనుషులు పైకప్పు పగలగొట్టుకుని అందులోకి దూరినారు. దూరి ఏం చేసినారు? గోడల మీద పేర్లు చెక్కినారు! ఫలానా అమ్మాయి అందరికన్నా అందగత్తె అని ఒకడు, నా అంత బాగా ఈ లిపి చెక్కేవాడు పడమటి సముద్రంలోనే లేడని ఒకడు. మనుబోలు హైస్కూలు బెంచీలు గుర్తుకొచ్చినాయి.

అయితే నాకు అన్నిటికన్నా నచ్చింది వీళ్లు రోజూ బతికే తీరు. పొలం మధ్యలో నిలువురాయి ఉంటే దాని చుట్టూ ట్రాక్టరు తిప్పుకుని దున్నుకుంటారు. ఒక్కరూ విసుక్కోరు. ఒడ్డున ‘నూస్ట్’ అని ఉంటుంది. పడవ ఆకారంలో గట్టులోకి తవ్విన పల్లం, అంచుల్లో రాళ్లు. చలికాలం పడవను అందులోకి లాగిపెడతారు. నార్వే వాళ్ల కాలం నుంచి ఇదే పద్ధతి. ఇంటికొకటి. మాగ్నస్ తాతది ఇప్పుడు గడ్డి మొలిచి ఉంది, ఆయన పడవ ఎప్పుడో పోయింది. డ్యూటీ లేని రోజు నేను ఫ్లాస్కు తీసుకుపోయి అందులో కూర్చుని టీ తాగుతాను. ఈ దీవిలో గాలి తగలని చోటు అదొక్కటే.

పోయిన నెల గాలివానకు ఇంకో గట్టు విరిగిపడి, లోపల ఒక దువ్వెన కనిపించింది. జింక కొమ్ముతో చేసింది. ఎవరో తల్లి వెయ్యేళ్ల కింద బిడ్డకు తల దువ్వి ఉంటుంది. ఊరంతా వానలో తరలివచ్చింది చూడటానికి. పేపర్లో వేసినారు. ఇప్పుడు ఆ ఒడ్డును కాపాడే పని మొదలైంది. అక్కడ జరిగింది ఇంకా చాలా చెప్పాలి, బస్సు వచ్చేస్తోంది. మళ్లీ రాస్తాను.

వేళకు తిను. కోపం అన్నం తిన్నాక కూడా వస్తుంది.

నీ అత్త,
ఫ్లోరా


పాలెం,
1 మార్చి 2025

అత్తా! అత్తా!

నీ ఉత్తరాన్ని యూత్ మీటింగులో రెండుసార్లు చదివి వినిపించినాను. ఒక్క దువ్వెన! ఒక్క దువ్వెన ఒడ్డును కాపాడింది! అటువంటి మనుషులుండే ఊళ్లో నువ్వు ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది. గంజి మాట వెనక్కు తీసుకుంటున్నాను.

మాకూ ఉంది అత్తా. పడవల వరస వెనక గవ్వల దిబ్బ అని ఒకటుంది. వాన పడితే పెంకులు తేలుతాయి. వరసలో ఒకచోట, దిబ్బ మొదట్లోనే, సరిగ్గా ఒక పడవ వెడల్పు చోటు వదిలేసి ఉంది. సర్వే రాయి నాటింది కూడా దాని అంచునే. తవ్వడానికి దేవుడిచ్చినట్టు ఉంది. నేను, చర్చి పిలకాయలు కలిసి పలుగు, పార పట్టి నడుము లోతు తవ్వినాం. ఏమేం దొరికినాయో విను. నల్లపెంకులు, ఎర్రపెంకులు, వలకు కట్టే మట్టి గుండ్లు, నీలం గాజు పూసలు, తెల్లగిన్నె ముక్క ఒకటి. దాని మీద నీలం పువ్వు. ఇంకా వాడలేదు ఆ పువ్వు!

అన్నిటినీ కుంకుడు రసంలో నానబెట్టి, చింతపండు పెట్టి తోమినాం. తళతళలాడుతున్నాయి. పాస్టరుగారి అద్దాల బీరువాలో పెద్దవి పైన, చిన్నవి కింద, పూసలు దారానికి గుచ్చి పెట్టినాం. నెల్లూరు నుంచి చరిత్ర లెక్చరర్ డెబోరా గారు వస్తానన్నారు. ఆమె రాసిస్తే చాలు, వేసవి వేట నిషేధం ముగిసినాక, జూన్‌లో, రోడ్డు చోటు చూడటానికి ఆఫీసరు తనిఖీకి వస్తాడట, ఆయన ముఖాన పెడతాను ఆ కాగితం.

ఒక్క చిన్నపోలయ్యే అడ్డం వచ్చినాడు. “ఆడ తవ్వబాకండ్రా పిలకాయల్లారా” అన్నాడు. ఎందుకు అంటే “తవ్వబాకండి, అంతే” అంటాడు. కారణం చెప్పలేనిది మూఢనమ్మకం కాక ఏమిటి? దాని మీద కూడా నేను ఒక పుస్తకం చదివి ఉన్నాను. అక్కడే నిలబడి ఆయనకు అరగంట చెప్పినాను. ఆయన నా మొహం వైపు చూసి, గుంట వైపు చూసి, వెళ్లిపోయినాడు. ఆయన పడవను కాపాడటానికే తవ్వుతున్నానని ఆయనకు ఎవరు చెప్పాలి?

గెలుపు వాకిట్లో నిలబడి,
బెన్హర్


కిర్క్‌వాల్,
6 మార్చి 2025

బెన్హరూ,

నీ జవాబు ఇంకా రాలేదు. పోయినసారి సగంలో ఆపినాను, అది మనసులో మెదులుతోంది.

ఆ దువ్వెన సంగతి. వానలో అంతమంది నిలబడినాం కదా, ఒక్కరు కూడా దాన్ని ముట్టుకోలేదు. తవ్వకాల చదువు చదివిన పిల్ల ఒకతె బురదలో బోర్లా పడుకుని, చిన్న బ్రష్షుతో చుట్టూ మన్ను తుడుస్తూ, ముందు బొమ్మ గీసుకుంది. పైన ఏ మన్ను, కింద ఏ మన్ను, పక్కన ఏముంది, దువ్వెన పళ్లు ఏ దిక్కుకు ఉన్నాయి. సముద్రం పోటు మీద ఉంది, గట్టు ఇంకా విరుగుతోంది, ఆమె మాత్రం తొందరపడలేదు. నర్సుగా నేను ఆపరేషన్ థియేటర్లో ఎంతమంది డాక్టర్లనో చూసినాను, అంత ఓపికైన చెయ్యి చూడలేదురా. “దువ్వెన మ్యూజియంలో బోలెడున్నాయి, ఇది ఇక్కడ ఇట్లా ఉండటమే కావాలి నాకు” అన్నది.

అదే పిల్ల మర్నాడు మా ఆశ్రమానికి వచ్చి మాగ్నస్ తాత దగ్గర కూర్చుంది. మీ నూస్టుకు ఎడమ పక్క ఎవరిది, కుడి పక్క ఎవరిది, ఎప్పటి నుంచి అని అడిగింది. రాళ్లను అడిగినదానికన్నా ఎక్కువ మనిషిని అడిగింది. ఆయన చెబుతూ చెబుతూ నవ్వినాడు. ఒకసారి ఎవరో కొత్తగా వచ్చినాయన తన ప్లాస్టిక్ పడవను మాగ్నస్ నూస్టులో పెట్టబోయినాడట. ఇరుగుపొరుగు వాళ్లు కాఫీ ఇచ్చి, కబుర్లు చెప్పి, పడవను మాత్రం ఇంకోచోట పెట్టించినారట. “ఖాళీగా ఉందిగా అన్నాడు పాపం. ఖాళీ ఏమిటి? పడవ లేదు, అంతే” అంటాడు మాగ్నస్.

మీ దగ్గర కూడా పడవలకు ఎవరి చోటు వారికి ఉంటుందా? చిన్నపోలయ్యను అడిగి రాయి. తొందరపడి ఏదీ తవ్వకు.

అత్త


పాలెం,
30 మార్చి 2025

అత్తకు,

‘తొందరపడి ఏదీ తవ్వకు.’ ఈ మాట ఏ రోజు చేరిందో తెలుసా? డెబోరా గారు వచ్చిన రోజు. ఆమె పొద్దున వచ్చింది, నీ ఉత్తరం సాయంత్రం వచ్చింది.

ఆమె బీరువా ముందు నిలబడి మట్టి గుండు ఒకటి చేతిలోకి తీసుకుంది. “ఇది ఎంత లోతులో దొరికింది బాబూ? ఈ గిన్నె ముక్కకు పైనా, కిందా?” అని అడిగింది. నేను, అన్నీ శుభ్రంగా కడిగి పెట్టినాం మేడం అన్నాను. “కడిగినందుకు కాదయ్యా నా బాధ. ఏది ఏ లోతుదో తెలియకుండా కలిపేసినందుకు” అన్నది. ఆ గుండును ఎక్కడిదక్కడ పెట్టేసింది. “పాతవే. ఇవి ఈ చోటివని మాత్రం నేను రాసివ్వలేను. ఎవరైనా ఎక్కడి నుంచైనా తెచ్చి పెట్టవచ్చు కదా అంటారు వాళ్లు.”

నాకు కళ్లు కనపడలేదు. మీరు రిసార్టు వాళ్ల మనిషి అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అమ్మ పెట్టిన టీ తాగకుండానే ఆమె వెళ్లిపోయింది. నాయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. దువ్వెన గురించి రాయడానికి నీకు తీరిక దొరికింది, దాన్ని ఎట్లా తీయాలో రాయడానికి బస్సు అడ్డం వచ్చిందా? నీ దీవిలో గట్టు విరిగితే బ్రష్షు పట్టుకుని వస్తారు, మాకు బుల్డోజరు తీసుకుని వస్తారు. మాకు బోర్లా పడుకుని బొమ్మ గీసేంత టైము ఎవరిచ్చినారు? మీ నూస్టులు, మీ మాగ్నసులు మీకే ఉండనీ. గుంట అట్లాగే నోరు తెరుచుకుని ఉంది. చిన్నపోలయ్య ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు. ఎండుచేపలమ్మే పిచ్చమ్మ అయితే ఆ గుంట అంచున కూర్చుని మధ్యాహ్నం దాకా లేవడం లేదు. ఆమెకు కూడా నేనేం అపకారం చేసినానో!

ఇక ఉత్తరాలు రాయను.

బెన్హర్


కిర్క్‌వాల్,
20 ఏప్రిల్ 2025, ఈస్టరు

బెన్హరూ,

నాదే తప్పు అన్నావు. సగం నాదే. అది ఒప్పుకుంటున్నాను, మిగతా సగం నువ్వు మోయి.

మాగ్నస్ తాత శుక్రవారం పోయినాడు. నా చెయ్యి పట్టుకునే పోయినాడు. ఇవాళ చర్చిలో పాటలు పాడుతుంటే నీ ఉత్తరం నా సంచిలో ఉంది. నీ మీద కోపం తెచ్చుకుందామని చూసినాను, రాలేదు. ఊరు కాని ఊరి పడవల కోసం ఇంత కొట్లాడే పిల్లవాడు మా ఇంట్లో పుట్టినాడని లోపల్లోపల గొప్పగానే ఉంది. అది వేరే సంగతి.

ఒకే ఒక్క మాట అడుగుతాను. నువ్వే రాసినావు, అంత పొడుగు వరసలో సరిగ్గా ఒక పడవ వెడల్పు చోటు వదిలేసి ఉందని. ఆ చోటు అట్లా ఎందుకు వదిలినారో నువ్వు అడిగినావా? పిచ్చమ్మ అక్కడే ఎందుకు కూర్చుంటోంది?

పుస్తకాలు మూసి, పోయి అడుగు. ప్రసంగం చెయ్యబాక. అడిగి, నోరు మూసుకుని విను. డెబోరా గారికి క్షమాపణ రాయి.

నీ అత్త,
ఫ్లోరా


పాలెం,
22 జూన్ 2025

ఫ్లోరా అత్తకు,

వందనాలు. ఈసారి నాయన చెప్పకుండానే రాసినాను.

మాగ్నస్ తాత గురించి చదివినాను. ఆయన కోసం ప్రార్థన చేసినాను. చేయడానికి సిగ్గుపడినాను కూడా, ఆయన గురించి రాసిన మాటలు గుర్తొచ్చి.

నీ ఉత్తరం అందిన రోజు చిన్నపోలయ్య దగ్గరకు పోయినాను. వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆయన నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

“ఏం, మళ్లా మూఢనమ్మకాల పాఠమా?”

కాదు, అడగడానికి వచ్చినాను మామా అన్నాను. ఆ చోటు ఎవరిది?

ఆయన వల పక్కన పెట్టినాడు. “పిచ్చమ్మోళ్లది” అన్నాడు. “ఆమె పెనిమిటి, పడవ, రెండూ తుపాన్లో పొయ్యినాయి. మీరు ఈ ఊరికి రాకముందు. పడవ పోతే చోటు పోద్దా? ఆ ఇంట్లో మనిషి ఉన్నంతకాలం చోటు వాళ్లదే. అటుపక్కోడు, ఇటుపక్కోడు వేటకి పొయ్యొస్తే ముందు ఆమె గంపలో చెయ్యి నిండా చేపలు ఏసి, తర్వాతే బేరం. నేనే ఇటుపక్కోణ్ణి.”

అప్పుడే చెప్పొచ్చు కదా మామా అన్నాను.

“ఆమె గంప పెట్టుకోని ఆడే కూచోనుంటే, ‘మొగుడు పొయ్యినాడు, పడవ పొయ్యింది’ అని నీకు అరిచి చెప్పాల్నా? నీకన్నా గొంతుంది అబ్బయా. అందరికీ ఉండదు.”

అత్తా, అంత పొడవు ఒడ్డులో నేను తవ్వడానికి ఆ ఒక్క చోటే దొరికింది. సర్వే వాళ్లు రాయి నాటడానికీ అదే దొరికింది. వాళ్లకూ నాకూ ఒకటే కన్ను. ఖాళీ అనుకున్నాం. ఈ మాట రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసు.

మరుసటి రోజు పిలకాయలతో కలిసి గుంట పూడ్చడం మొదలుపెట్టినాను. గంపలతో ఇసుక మోస్తుంటే పిచ్చమ్మ వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. దాదాపు సమం చేసేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

“సాలు నాయనా. మరీ మెట్ట చెయ్యబాక. కొంచెం పల్లంగా ఉండనీ. పడవ కూచోవాల.”

నేను పారతో అంచులు సరిచేసినాను. ముందు సన్నంగా, మధ్యలో వెడల్పుగా, ఆమె చెయ్యి చూపించినట్టల్లా. అయిపోయినాక దూరంగా పోయి చూసినాను. నువ్వు రాసిన నూస్టే అత్తా! గడ్డి ఒక్కటే తక్కువ.

డెబోరా గారికి క్షమాపణ రాసినాను. ఆమె జవాబు రాయలేదు, నేరుగా తనిఖీ రోజుకు వచ్చేసింది. బీరువాలోవి దాచి ఉంచు, దేనికైనా పనికొస్తాయి, పూసలకు మాత్రం ఆ దారం తీసెయ్ అన్నది. అమ్మ టీ ఇస్తే ఈసారి రెండు గ్లాసులు తాగింది.

ఇక తనిఖీ. నిషేధం ముగిసి పడవలు వేటకు పోయినాయి. మొన్న గురువారం పొద్దున ఆఫీసరు వచ్చే వేళకు ఒకటొకటిగా ఒడ్డుకు వస్తున్నాయి. నా చొక్కా జేబులో ప్రసంగం ఉంది. ఆఫీసరు మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు, బూట్లు మాత్రం కొత్తవి. ఒక పడవను పదిమంది భుజాలకెత్తుకుని లాక్కొస్తే ఆయన ఇటు జరుగుతాడు. ఇంకోటి వస్తే అటు జరుగుతాడు. ఏ పడవ ఎక్కడ ఆగాలో ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. పోయి దాని చోట్లో అది నిలబడుతోంది. నేను నాలుగేళ్లుగా రోజూ చూస్తూ ఒక్కసారి కూడా చూడలేదు ఆ అందాన్ని. మీ ఎర్రరాతి చర్చిలో నీకు నోట మాట రాలేదన్నావు చూడు, అట్లా అయింది నాకు.

చిన్నపోలయ్య పడవ వచ్చేసరికి ఆఫీసరుకు జరగడానికి మిగిలింది ఒక్కటే చోటు. పోయి ఆ పల్లంలో, సర్వే రాయి పక్కనే నిలబడినాడు. పడవ లాగేవాళ్లు ఉన్నచోటనే ఆగిపోయినారు. భుజాల మీద బరువు అట్లాగే ఉంది. నేను నోరు తెరిచినాను, డెబోరా గారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

పిచ్చమ్మ గంప దించి, మెల్లగా అన్నది. “సారూ, మా పడవలో నిలబడి ఉండారు. దిగండి.”

ఆయన కిందకు చూసుకున్నాడు. చుట్టూ చూసినాడు. నవ్వుతారేమోనని అందరి మొహాలూ చూసినాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు, అత్తా, నేను నా కళ్లతో చూసినాను, ఆయన కాలు ఎత్తి, పడవ అంచు దాటినట్టు పెద్ద అడుగు వేసి బయటకు వచ్చినాడు. ఇసుక మీద అంచు లేదు, ఏమీ లేదు. అయినా కాలు ఎత్తినాడు.

చిన్నపోలయ్య పడవ వచ్చి పక్కన కూచుంది. చెయ్యి నిండా చేపలు పిచ్చమ్మ గంపలో పడినాయి. తర్వాత ఆఫీసరు సర్వేయరును పిలిచి “ఈ రాయి ఇక్కడ ఎవరు నాటమన్నారు?” అని అడిగినాడు. పీకించినాడు. వరస మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, పిచ్చమ్మ చోటుతో సహా, ‘పడవలు నిలిపే చోటు, వాడుకలో ఉంది’ అని మా ముందే రాయించినాడు. రోడ్డు సరివి చెట్ల తోట వెనక నుంచి పోవాలని పైకి రాస్తానన్నాడు. పైవాళ్లు ఏమంటారో చూడాలి. వాళ్లు కాదంటే నా జేబులో ప్రసంగం అట్లాగే ఉంది, చెమటకు కొంచెం తడిసింది, అంతే. పీకేసిన ఆ రాయి ఇప్పుడు పిచ్చమ్మ ఎండుచేపల మీద కప్పే పట్టా ఎగిరిపోకుండా బరువుగా పనిచేస్తోంది.

రాత్రి భోజనం దగ్గర నాయన “ప్రసంగం చెయ్యలేదంటనే” అన్నాడు. లేదు అన్నాను. నా కంచంలో ఇంకో చేపముక్క వేసినాడు.

ఒక సంగతి మాత్రం అడగాలి. నువ్వు మాగ్నస్ తాత నూస్టులో కూర్చుని టీ తాగుతానని రాసినావు. ఆయన ఉన్నప్పుడు సరే, ఆయనకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు ఆయన ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో కనుక్కో. ఉంటే పోయి అడుగు. అడిగేదాకా గట్టు మీద కూర్చో. గాలి కొడితే కొట్టనీ.

ఆ పడవలో నుంచి దిగు అత్తా.

నీ మేనల్లుడు,
బెన్హర్